కాయ మీద వాయిదా, పిందె మీద పోలింగ్

నూజివీడు మామిడి తోటల్లో ముఖానికి గుడ్డ కట్టుకోవడం కరోనా కంటే చాలా పాత అలవాటు. పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొట్టే కూలీ తువాలును ముక్కు మీదుగా చుట్టి తల వెనక ముడి వేసుకుంటాడు. ఎందుకని ఎవరూ అడగరు. మందు ఘాటే చెబుతుంది. కరోనాకు వాసన లేదు. అది ఉందని ఎవరో చెప్పాలి, విన్నవాళ్లు నమ్మాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నమ్మకం ఎక్కడెక్కడ జారిపోయిందో తెలుసుకోవాలంటే స్థానిక ఎన్నికల తేదీల వెంట నడిస్తే చాలు.

2020 మార్చి 12న నెల్లూరులో రాష్ట్రంలోని తొలి కేసు బయటపడింది. మర్నాడే ప్రభుత్వం 1897 నాటి అంటువ్యాధుల చట్టం కింద నిబంధనలు జారీ చేసింది. బొంబాయి ప్లేగు నాటి చట్టమది. అది వచ్చిన ఏడాదే పుణేలో ప్లేగు కమిషనర్ రాండ్‌పై కాల్పులు జరిగాయి. తనిఖీ పేరుతో సిపాయిలు ఇళ్లలోకి చొరబడటం జనానికి పుట్టించిన కోపమే దానికి మూలం. మన పల్లెల్లోనూ సర్కారు వైద్యం తేలిగ్గా గడప దాటలేదు. మశూచిని అమ్మవారిగా కొలిచి, వేపమండలు కట్టిన ఇళ్లకు టీకా చేరడానికి తరాలు పట్టింది.

మార్చి 15 ఆదివారం. స్థానిక ఎన్నికల ప్రక్రియ సాగుతోంది. ఆరు రోజుల్లో ఎంపీటీసీ, జెడ్పీటీసీ స్థానాలకు పోలింగ్. ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా కారణంగా ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి అదే రోజు విలేకరుల ముందుకొచ్చి, ప్రభుత్వాన్ని సంప్రదించకుండా ఎలా ఆపుతారని నిలదీశారు. ప్రతిపక్ష నేత చంద్రబాబు కోసమే ఆపారని ఆరోపించారు, కమిషనర్ కులం ప్రస్తావన తెచ్చారు. కరోనాకు పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ చాలన్న మాటలు ఆ సమావేశంలోనే వచ్చాయి. తెలుగుదేశం వాయిదాను స్వాగతించింది. ఊళ్లో ఒక్క కేసూ లేని నూజివీడు పల్లెల్లో సైతం కరోనా పెద్దదా చిన్నదా అన్నది పార్టీని బట్టి చెప్పే సంగతైపోయింది.

ప్రభుత్వం సవాలు చేస్తే, మార్చి 18న సుప్రీంకోర్టు వాయిదా జోలికి వెళ్లలేదు. ఎన్నికల కోడ్‌ను మాత్రం ఎత్తేయమంది. వారం తిరిగేసరికి దేశమంతా లాక్‌డౌన్.

చెట్ల మీద కాయ మాత్రం ఆగదు. ఏప్రిల్లో బంగినపల్లి కోతకు వస్తుంది, వెనకే రసాలు. కాయను చిక్కంతో కోస్తారు. పొడవాటి కర్ర చివర వల సంచి, పక్కన కత్తి. తొడిమతో కోసిన కాయ సంచిలో పడాలి, నేల తగిలితే ధర పోయినట్టే. చిక్కం కర్ర పట్టిన ఇద్దరి మధ్య ఆరడుగుల దూరం దానంతటదే ఉంటుంది. కోసిన కాయను ఏరి, పెట్టెలో వరిగడ్డి పరిచి సర్దేచోట ఆ దూరం సాగదు. విజయవాడ పక్కన నున్న మార్కెట్టులో అసలే సాగదు. పైగా ఈ కాయ తినేది ఉత్తరాది. ఏప్రిల్ నెలలోనే ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో కరోనాతో ఒక వ్యాపారి చనిపోయాడు. పూత మీదే తోటలు కొనుక్కున్న వ్యాపారులకూ, కౌలు రైతులకూ కావలసింది లారీ కదులుతుందా లేదా అన్న ఒక్క ముక్క. అమరావతి నుంచి వినిపించింది వేరే గొడవ.

ఏప్రిల్ 4న పేద కుటుంబాలకు ప్రభుత్వం రూ.1,000 చొప్పున పంచింది. అధికార పార్టీ అభ్యర్థులే చేతులతో పంచుతూ ఓట్లడుగుతున్నారని ప్రతిపక్షాలు ఫిర్యాదు చేశాయి. ఏప్రిల్ 10న ఆర్డినెన్సు తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించారు. రమేశ్ కుమార్ ఇంటికి, విశ్రాంత న్యాయమూర్తి వి. కనగరాజ్ కుర్చీలోకి. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది.

ఈ మధ్యలో కొరియా నుంచి లక్ష ర్యాపిడ్ టెస్టు కిట్లు దిగాయి. ఛత్తీస్‌గఢ్ రూ.337కు కొన్న కిట్టుకు ఇక్కడ రూ.730 ఎందుకని బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు కన్నా లక్ష్మీనారాయణ అడిగారు. తక్కువ ధరకు ఇంకెవరికైనా ఇస్తే మనకూ అదే ధర వర్తించే షరతు ఉందని ప్రభుత్వం బదులిచ్చింది. కాగితాలు బయటపెడితే తేలిపోయే విషయమిది. అయితే వైసీపీ ఎంపీ వి. విజయసాయి రెడ్డికీ, కన్నాకూ మధ్య మాటలు పెరిగి, కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తావా అనేదాకా పోయింది. కిట్టు పనిచేస్తుందా, దాని ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్న అసలు ప్రశ్న వెనకబడింది.

నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ మాస్కులు చాలడం లేదని కెమెరా ముందు అన్నందుకు సస్పెండయ్యారు. మే 16న విశాఖలో పోలీసులు ఆయన చేతులు కట్టేసిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. లోపం చెబితే ఏమవుతుందో మిగతా వైద్యులకు ఆ దృశ్యమే చెప్పింది.

ఇదంతా జరుగుతున్నప్పుడే రాష్ట్రం చేసిన మంచి పనీ ఉంది. జనాభా లెక్కన పరీక్షల్లో ఆంధ్రప్రదేశ్ దేశంలో ముందువరుసలో నిలిచింది. 2020 జూలై 1న 1,088 కొత్త 108, 104 వాహనాలు విజయవాడ బెంజి సర్కిల్ నుంచి బయల్దేరాయి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, వలంటీర్లు ఇంటింటికీ తిరిగి జ్వరాల లెక్క రాశారు. తలుపు తట్టిన మనిషిని ఊరు నమ్మింది. టీవీలో మాట్లాడిన మనిషి దగ్గరికి వచ్చేసరికి ముందు పార్టీని చూసింది.

ఆ డిసెంబరులో నూజివీడు పక్కనున్న ఏలూరులో జనం మూర్ఛతో ఉన్నచోటే కుప్పకూలారు. ఆరువందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. అది ఆరోగ్య మంత్రి ఆళ్ల నాని సొంత నియోజకవర్గం. తాగునీరే కారణమని ప్రతిపక్షం, నీటిలో ఏమీ లేదని అధికారులు. మొదట రక్తంలో సీసం, నికెల్ అన్నారు. చివరకు నిపుణుల బృందాలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. ముక్కుకు తువాలు చుట్టుకుని మందు కొట్టే తోటల మనుషులకు ఆ మాట తేలిగ్గానే అర్థమైంది. ఆ అవశేషాలు ఒంట్లోకి ఏ దారిన వెళ్లాయన్నది మాత్రం ఊరికి తేటగా అందలేదు.

2021 జనవరి 8న, తిరిగి కుర్చీలోకొచ్చిన రమేశ్ కుమార్ పంచాయతీ ఎన్నికలకు షెడ్యూలిచ్చారు. ఈసారి వద్దన్నది ప్రభుత్వం. కరోనా ఉంది, జనవరి 16 నుంచి టీకాలు, ఒకే సిబ్బంది రెండు పనులు చేయలేరని వాదించింది. ఉద్యోగ సంఘాలు ససేమిరా అన్నాయి. తెలుగుదేశం ఎన్నికలు కావాలంది. పది నెలల్లో వాదనలు గోడ దూకి ఇటువి అటు, అటువి ఇటు చేరాయి. కేసుల లెక్క చూస్తే కమిషనర్ నిర్ణయాలకే ఎక్కువ ఆధారం కనబడుతుంది: మార్చిలో వ్యాధి పెరుగుతోంది, ఆగస్టులో రోజుకు పదివేల దాకా వెళ్లి ఫిబ్రవరికి వంద లోపుకు దిగింది. అయినా మార్చిలో ఆయన రాష్ట్ర ప్రభుత్వంతో సంప్రదించి వాయిదా వేసి ఉంటే అనుమానానికి అంత చోటుండేది కాదు.

ఈ తగువు మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 2020 ఏప్రిల్ 7న జరగాల్సిన పోలింగ్‌ను డెమొక్రాట్ గవర్నర్ ఆపబోతే రిపబ్లికన్లు అడ్డుకున్నారు, కోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. వారం తర్వాత దక్షిణ కొరియా ఓటర్ల జ్వరం చూసి, చేతికి తొడుగులిచ్చి ఎన్నిక ముగించింది.

ఇక్కడ 2021 జనవరి 25న సుప్రీంకోర్టు రాష్ట్రం పిటిషన్‌ను తోసిపుచ్చింది. నాలుగు విడతల్లో చివరిదైన ఫిబ్రవరి 21న నూజివీడు డివిజన్ ఓటేసింది. తోటలు పిందె మీదున్నాయి. ఉద్యోగులు విధులకు వచ్చారు, రాష్ట్రవ్యాప్తంగా పోలింగ్ 80 శాతం దాటింది.

మిగిలిపోయిన ఎంపీటీసీ, జెడ్పీటీసీ పోలింగ్ ఏప్రిల్ 8న జరిగింది. అప్పటికి రెండో విడత కరోనా ఎగబాకుతోంది. అంతకుముందు కరోనా పేరుతో ఎన్నికలు వద్దన్న ప్రభుత్వం ఈసారి ముందుకే వెళ్లింది. తెలుగుదేశం బహిష్కరించింది, కానీ ఎన్నికలు నిష్పక్షపాతంగా జరగడం లేదన్న కారణంతో. ఓట్ల లెక్కింపు కోర్టులో చిక్కుకుంది. బంగినపల్లి కోతకొచ్చే వేళ వేసిన ఆ ఓట్లను, తోటల్లో కాయంతా అయిపోయాక, సెప్టెంబరు 19న లెక్కపెట్టారు.