మందు వెతికే సాఫ్ట్‌వేర్‌ని విషం వెతకమంటే?

ఈరోజు ఎపిసోడ్ ఆరు గంటల కథ. కానీ అది అర్థం కావాలంటే ముందు 1936కి వెళ్లాలి.

జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే కెమిస్ట్, ఐజీ ఫార్బెన్ కంపెనీలో కొత్త పురుగుమందు కోసం వెతుకుతున్నాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో దొరికింది. పురుగులు చచ్చాయి. కొద్దిరోజులకే ఆయనకీ, అసిస్టెంట్‌కీ చూపు మసకబారింది, ఊపిరి కష్టమైంది. అదే టాబున్, మొదటి నర్వ్ ఏజెంట్. పొలానికి పనికిరాలేదు గానీ సైన్యం తీసుకుంది. 1950ల్లో బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. ఐసీఐ కంపెనీలో రణజిత్ ఘోష్ పురుగుమందుల మీద చేసిన పని నుంచే వీఎక్స్ రకం విషాలు పుట్టాయి.

ఎందుకిలా? కండరానికి వెళ్లిన నరాల సిగ్నల్‌ని తుడిచేసే ఎంజైమ్ ఒకటి మన ఒంట్లో ఉంది. పేరు ఎసిటైల్‌కోలినెస్టరేస్. దాన్ని కొంచెం అడ్డుకుంటే అల్జీమర్స్‌కి మందు. డొనెపెజిల్ చేసేది అదే. మొత్తం అడ్డుకుంటే ఊపిరి ఆగిపోతుంది. మన భాషలో కూడా చూడండి, జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తి చేలో కొట్టేదీ మందే!

ఇప్పుడు 2021. అమెరికాలోని నార్త్ కరోలినాలో కొలాబరేషన్స్ ఫార్మాస్యూటికల్స్ అనే చిన్న కంపెనీ. వాళ్ల సాఫ్ట్‌వేర్ మెగాసిన్ కొత్త అణువుల్ని తనే డిజైన్ చేస్తుంది. జబ్బు మీద పనిచేసేలా ఉంటే మార్కులు వేస్తుంది, విషంలా ఉంటే కోస్తుంది. స్విట్జర్లాండ్‌లోని స్పీజ్ ల్యాబ్ వాళ్లు, ఈ టెక్నాలజీని చెడుకి వాడితే ఏమవుతుందో చెప్పమని పిలిచారు. అప్పటిదాకా తమకా ఆలోచనే రాలేదని వాళ్లే రాశారు. సరే చూద్దామని లాజిక్ తిప్పారు. విషానికి కోసే మార్కుల్ని విషానికే ఇచ్చారు.

ఆరు గంటలు కూడా పట్టలేదు. 40,000 అణువులు వచ్చాయి. అందులో వీఎక్స్ ఉంది. విచిత్రమేంటంటే, ట్రైనింగ్ డేటాలో అలాంటి నర్వ్ ఏజెంట్లు అసలు లేవు. 2022లో ఈ సంగతి నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్‌లో పేపర్‌గా వచ్చింది.

కంగారు పడకండి. స్క్రీన్ మీద బొమ్మ వేరు, సీసాలో రసాయనం వేరు. వాళ్లు ఒక్కటీ తయారుచేయలేదు. ముడిసరుకు మీద 1997 నుంచి అమల్లో ఉన్న రసాయన ఆయుధాల ఒప్పందం కాపలా ఉంది.

రెండో వైపు కూడా చూడాలి. ఇన్‌సిలికో మెడిసిన్ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే రెంటోసెర్టిబ్ డిజైన్ చేసింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బుకి. 71 మంది మీద చేసిన ట్రయల్‌లో ఎక్కువ డోసు తీసుకున్నవాళ్ల ఊపిరి సామర్థ్యం సగటున 98 మిల్లీలీటర్లు పెరిగింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకి 20 తగ్గింది. చిన్న ట్రయలే, పెద్దవి ఇంకా జరగాలి. అయినా ఆ జబ్బున్న ఇంట్లో ఇది చిన్న వార్త కాదు. అందుకే ఈ సాఫ్ట్‌వేర్‌ని ఆపేయమని నేననను.

నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఒక్క లైను మార్చినా ఇంకొకరు రివ్యూ చేస్తేనే ప్రొడక్షన్‌లోకి వెళ్లేది. బిల్లింగ్ పేజీకే అంత జాగ్రత్త. మెగాసిన్‌లో ఆ లాజిక్ తిప్పినప్పుడు అడ్డుగా ఉన్నది వాళ్ల మనస్సాక్షి మాత్రమే. ష్రాడర్‌కి తెలియక దొరికింది. మనం తెలిసి తిప్పగలం. మరి ఆ లైనుకి రివ్యూ ఎవరు చేయాలి? మీరేమంటారో కింద రాయండి. ఉంటాను.