పాటకు తొడుగు, తొడుగు మీద పేరు

డిజైన్ చదివే మీ తోటివారికి కళాశాలల్లో తరచుగా ఇచ్చే ప్రాజెక్టు ఒకటి ఉంది. ఒక పాప్ గాయకుణ్ణో గాయనినో ఎంచుకోమంటారు. వారి ఆల్బంకు ముందు అట్ట, వెనుక అట్ట, లోపలి చిన్న పుస్తకం, డిస్కు మీది లేబులు తయారు చేసి తెమ్మంటారు. చాలామంది వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని, గాయకుడి ఫొటో ఒకటి తెరిచి, దాని మీద పేరు ఏ అక్షరాల్లో బాగుంటుందా అని వెతుకుతారు. తయారయ్యేది పోస్టరు. పోస్టరు గోడ మీద ఉంటుంది, దూరం నుంచి చూస్తాం. ఆల్బం తొడుగు చేతిలో ఉంటుంది. దాన్ని తెరుస్తాం, తిప్పి చదువుతాం, అలమరలో పెట్టి ఇరవై ఏళ్ల తరువాత మళ్లీ తీస్తాం. అప్పుడు మనం దానిని అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ పాట ఎవరిది? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత తొడుగుకు ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి మనం 1902 నాటి కలకత్తాకు వెళ్లాలి.

ఆ ఏడాది నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అక్కడ భారతీయ గాయకుల పాటలను ధ్వనిముద్రణ చేశాడు. గౌహర్ జాన్ పాడిన రికార్డులు వాటిలో ప్రసిద్ధమైనవి. పాట ముగియగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు తానే చెప్పుకునేది. ఇది గర్వం కాదు, అవసరం. కలకత్తాలో మైనపు పలకల మీద తీసిన ధ్వనిముద్రణ ఓడలో జర్మనీలోని హానోవర్‌కు వెళ్లి, అక్కడ రికార్డుగా అచ్చయ్యేది. అక్కడి పనివారికి హిందుస్థానీ రాదు. ఏ పాట ఎవరిదో తెలియకపోతే లేబుల్ మీద ఏం వేస్తారు? అందుకే పేరును పాటలోనే కలిపి పంపారు. అట్ట, ఫొటో, అక్షరాల అమరిక ఏవీ లేని రోజుల్లో ఆ గొంతే లేబుల్ పని చేసింది.

అప్పటి రికార్డుకు తొడుగు అంటే మధ్యలో గుండ్రటి కన్నం ఉన్న కాగితపు సంచి. కన్నంలోంచి లేబుల్ కనిపించేది. సంచి మీద ఏదైనా అచ్చు వేస్తే అది కంపెనీ గుర్తు, లేదా రికార్డులు అమ్మే దుకాణం ప్రకటన. ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. పెద్ద సంగీత రచన కావాలంటే నాలుగైదు రికార్డులు కొనాలి. వాటన్నింటినీ ఫొటోల ఆల్బంలాంటి గట్టి అట్టల పుస్తకంలో పెట్టి అమ్మేవారు. ‘ఆల్బం’ అనే మాట సంగీతానికి వచ్చింది ఇక్కడినుంచే. పుస్తకం పోయినా పేరు మిగిలిపోయింది.

ఆ అట్టలు ఆఫీసు లెడ్జర్లలా ఉండేవి. 1939లో కొలంబియా రికార్డ్స్‌లో చేరిన అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రవాడికి అది నచ్చలేదు. అతనికి అప్పుడు ఇరవై రెండేళ్లు. అంటే మీకంటే మూడు నాలుగేళ్లు పెద్ద, అంతే. 1940లో రాడ్జర్స్, హార్ట్ అనే జంట పాటల ఆల్బంకు అతను ఒక నాటకశాల ముందున్న దీపాల బోర్డు మీద వారి పేర్లు అమర్పించి, ఫొటో తీయించి, అట్టగా వేయించాడు. సంగీతపు అట్ట అనే కళ ఇక్కడ మొదలైందని చరిత్రకారులు చెబుతారు. నేను దీనికి ఇంకొక మాట చేరుస్తాను: ఆ మొదటి బొమ్మ మనిషి ముఖం కాదు, వెలుగుతున్న పేరు. 1948లో కొలంబియా సంస్థే పన్నెండు అంగుళాల ఎల్పీ రికార్డును తెచ్చినప్పుడు, దానికి తగిన పలుచని అట్ట తొడుగును రూపొందించిందీ స్టైన్‌వైసే. ఆ చతురస్రం ఒక్కో భుజం సుమారు 31 సెంటీమీటర్లు. తరువాతి నలభై ఏళ్ల అట్టల చరిత్ర చాలావరకు ఆ చతురస్రంలోనే జరిగింది.

దానిలో ఎంత పట్టించవచ్చో చూపిన ఆల్బం 1967లో వచ్చిన బీటిల్స్ బృందం ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’. పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ అనే కళాకారుల జంట మనిషంత ఎత్తున్న కటౌట్లను వరుసల్లో నిలబెట్టి, ముందు నలుగురు గాయకులను ఉంచి ఫొటో తీయించారు. పుస్తకంలా తెరుచుకునే తొడుగు, వెనుక అట్ట మీద పాటల సాహిత్యం అంతా, లోపల కత్తిరించుకోవడానికి బొమ్మల కాగితం. మామూలు అట్టకు యాభై పౌండ్లు ఖర్చయ్యే రోజుల్లో దీనికి దాదాపు మూడు వేల పౌండ్లు అయ్యాయి. ఆ గుంపులో నలుగురు భారతీయులున్నారు: మహావతార్ బాబాజీ, లాహిరీ మహాశయులు, శ్రీ యుక్తేశ్వర్ గిరి, పరమహంస యోగానంద. వారిని ఎంపిక చేసింది జార్జ్ హారిసన్. ఐదవ భారతీయుడు కూడా ఉండవలసింది: మహాత్మా గాంధీ. ఆయన బొమ్మను ఆ వరుసల్లో నిలబెట్టారు కూడా. ఇ.ఎం.ఐ. సంస్థ అధిపతి సర్ జోసెఫ్ లాక్‌వుడ్, భారతదేశంలో అభ్యంతరం వస్తుందని చెప్పి దానిని తీసివేయించాడు. పాప్ ఆల్బం మీద గాంధీ ఉంటే మనవాళ్లు నిజంగా కోప్పడేవారా? చర్చించుకోండి. అయితే ఒకటి గమనించండి. లండన్‌లో తయారయ్యే అట్ట మీద ఎవరుండాలో నిర్ణయించేటప్పుడు కలకత్తా మార్కెట్ కూడా లెక్కలోకి వచ్చింది.

ఈ అట్ట గురించి మీ ప్రాజెక్టుకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. బొమ్మల్లో ఉన్నవారిలో అప్పటికి జీవించి ఉన్నవారికి ఉత్తరాలు రాసి అనుమతి అడిగారు. నటి మే వెస్ట్ మొదట కాదంది. బీటిల్స్ స్వయంగా ఉత్తరం రాశాక ఒప్పుకుంది. లియో గోర్సీ అనే నటుడు నాలుగు వందల డాలర్లు అడిగాడు. అతని బొమ్మ తీసేశారు. ప్రాజెక్టే కదా అని ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో అంటించేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి. మీ స్నేహితుణ్ణి నిలబెట్టి మీరే తీసిన ఫొటో దానికంటే మేలు.

మరుసటి ఏడాది అదే బృందానికి రిచర్డ్ హామిల్టన్ పూర్తిగా తెల్లని అట్ట ఇచ్చాడు. బృందం పేరు రంగు లేకుండా ఉబ్బెత్తుగా, కింద ప్రతి కాపీకి వేరే వరుస సంఖ్య. లక్షల్లో అచ్చయ్యే వస్తువుకు విడివిడి సంఖ్యలు వేయడం ఒక చమత్కారం. అంతటి గుంపు తరువాత ఏమీ లేకపోవడమే అందరినీ ఆగి చూసేలా చేసింది. 1971లో రోలింగ్ స్టోన్స్ బృందం ‘స్టికీ ఫింగర్స్’ అట్ట మీద జీన్సు ప్యాంటు ఫొటోకు నిజమైన జిప్పు కుట్టించారు. ఆలోచన ఆండీ వార్హోల్‌ది, అమలు చేసింది క్రెయిగ్ బ్రౌన్. దుకాణాలకు పంపేటప్పుడు ఒకదానిమీద ఒకటి పేర్చిన పెట్టెల్లో ఆ జిప్పు పై రికార్డును నొక్కి గాడులను పాడుచేసింది. చివరికి జిప్పును సగం వరకు లాగి పంపారు. అప్పుడు ఒత్తిడి పాటలు లేని చోట, మధ్యనున్న లేబుల్ మీద పడింది. తెర మీద ఈ తప్పు ఎవరికీ కనబడదు. అందుకే అచ్చుపనివారు ముందు డమ్మీ కడతారు: తెల్ల కాగితాన్ని అసలు కొలతకు కత్తిరించి, మడిచి, డిస్కు పెట్టి చూస్తారు. మీరూ బొమ్మ వేయకముందే డమ్మీ కట్టండి.

ఇక మన దేశం సంగతి. ఇక్కడ జనాదరణ పొందిన పాట అంటే చాలాకాలం సినిమా పాటే. రికార్డు అట్ట మీద సినిమా పేరు, నాయికానాయకుల ఫొటో, సంగీత దర్శకుడి పేరు. గొంతు ఇచ్చినవారు ఎక్కడో చిన్న అక్షరాల్లో. అంతకుముందు అదీ లేదు. 1949లో వచ్చిన ‘మహల్’ చిత్రంలో ‘ఆయేగా ఆనేవాలా’ పాట రికార్డు లేబుల్ మీద గాయనిగా ‘కామిని’ అని వేశారు. కామిని ఎవరు? తెర మీద మధుబాల ధరించిన పాత్ర పేరు! పాడినది లతా మంగేష్కర్. ఆ గొంతు ఎవరిదో చెప్పమని శ్రోతలు ఆకాశవాణికి ఉత్తరాలు రాశారు. అప్పుడుగాని అసలు పేరు బయటకు రాలేదు. 1902లో పాట చివర తన పేరు తానే చెప్పుకునే వీలు గౌహర్ జాన్‌కు ఉంది. అర్ధశతాబ్దం తరువాత, ముద్రణ అంత పెరిగాక, లతకు అది లేకపోయింది. వాద్యకారుల పరిస్థితి ఇంకా అన్యాయం. బొంబాయి సినిమా పాటలకు స్వరాల అమరిక చేసిన గోవా సంగీతకారుల పేర్లు అట్టల మీద కనబడడం అరుదు. వారిలో ఒకరైన ఆంథొనీ గొన్‌సాల్వెస్ పేరు దేశమంతటికీ తెలిసింది 1977లో ‘అమర్ అక్బర్ ఆంథొనీ’ చిత్రంలోని పాట ద్వారా. ఆయన వద్ద వయొలిన్ నేర్చుకున్న ప్యారేలాల్ గురువుకు అలా నమస్కారం పెట్టాడు. అట్ట మీదికి రాని పేరు పాటలోకి ఎక్కింది.

పాప్ సంగీతం మన ప్రాంతంలో తెచ్చిన మార్పు ఇక్కడే ఉంది. కరాచీలో పుట్టిన నాజియా హసన్ 1980లో ‘కుర్బానీ’ చిత్రానికి ఒక పాట పాడింది. అది సినిమా ఆల్బం. ఆమె పేరు అనేక పేర్లలో ఒకటి. మరుసటి సంవత్సరం బిడ్డు సంగీతంతో ‘డిస్కో దీవానే’ వచ్చింది. దానికి సినిమా లేదు, నాయకుడు లేడు, అమ్మవలసింది గాయని పేరునే. భారత, పాకిస్తాన్‌లు రెండింటిలోనూ అది చేతులు మారింది. 1995లో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’ కూడా ఆ దారిలోదే. దానికీ బిడ్డే సంగీతం. అందుచేత పాప్ అట్ట చేసే విద్యార్థికి మొదటి ప్రశ్న ‘ఏ రంగు’ అన్నది కాదు. తెర మీద కథ లేనప్పుడు ఈ మనిషి ఎవరని చెబుతాం?

అదీ ఎంత చోటులో? ఎనభైలలో మన దేశంలో ఎల్పీని క్యాసెట్ తోసివేసింది. ఎల్పీ ముఖం దాదాపు 960 చదరపు సెంటీమీటర్లు. క్యాసెట్ పెట్టెలోని ఇన్‌లే కార్డు ముఖం సుమారు 65. పదిహేనవ వంతు! కార్డు మూడు మడతలు: ముందు ముఖం, సన్నని వీపు, వెనుక చిన్న రెక్క. దుకాణాల్లో క్యాసెట్లను నిలువునా పేర్చేవారు కాబట్టి కొనేవాడి కంటికి ముందు తగిలేది వీపే. అక్కడ తెలుగు రాసి చూడండి, ఇబ్బంది తెలుస్తుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తు. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. పన్నెండు మిల్లీమీటర్ల పట్టీలో ‘కృష్ణ’ అని వేస్తే అసలు అక్షరం ఎంత చిక్కిపోతుందో కొలవండి. ఆ ఇరుకులో ముందుగా రాలిపోయింది పాటల సాహిత్యం, తరువాత వాద్యకారుల పేర్లు. సినిమా హాలు ముందు అమ్మిన మన పాటల పుస్తకం ఇంతకంటే ఉదారమైనది. నాలుగు పుటల ముతక కాగితంలో సాహిత్యమంతా ఇచ్చి, కథ సగం చెప్పి, మిగిలినది వెండితెర మీద చూడమనేది.

అయితే క్యాసెట్ చౌక కావడం వల్ల ఇంకొక తలుపు తెరుచుకుంది. బొంబాయి కంపెనీలు కాదన్న గోవా గాయకుడు రెమో ఫెర్నాండెజ్ 1984లో ‘గోవన్ క్రేజీ’ని ఇంట్లోనే నాలుగు ట్రాకుల యంత్రం మీద ధ్వనిముద్రణ చేశాడు. వాద్యాలన్నీ ఆయనే వాయించాడు, అట్ట కూడా ఆయనే చేసుకున్నాడు. పసుపు రంగు స్కూటరు మీద దుకాణం దుకాణానికీ తిరిగి క్యాసెట్లు వేశాడు. ఆయన చదివింది వాస్తుశిల్పం. పేరు వేయడం కోసం ఎవరినీ అడగనక్కరలేని ఆల్బం అది.

క్యాసెట్ తెచ్చిన మరో పెద్ద సమస్య దొంగ కాపీలు. 1984లోనే మన కాపీరైట్ చట్టంలో 52ఎ అనే సెక్షన్ చేర్చారు. ధ్వనిముద్రణ మీద, దాని తొడుగు మీద కూడా తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట వెలువడిన సంవత్సరం ఉండాలని అది చెబుతుంది. మీ వెనుక అట్ట మీద ఆ పంక్తులకు చోటు విడిచిపెట్టండి. మరిచిపోయిన ప్రాజెక్టులు నేను చాలా చూశాను. కానీ జాబితాను మళ్లీ చదవండి. పాడినవారి పేరు అందులో లేదు! తబలా వాయించినవారి పేరూ లేదు. 2012 సవరణలో వచ్చిన 38బి సెక్షన్, తన ప్రదర్శన తనదని గుర్తింపు కోరే హక్కును కళాకారుడికి ఇచ్చింది. కాని దాన్ని ఉపయోగించే తీరువల్ల పేరు విడిచిపెట్టవలసివస్తే తప్పు లేదని ఒక మినహాయింపు కూడా పెట్టింది. ఆ మినహాయింపు ఎంత దూరం సాగుతుందో న్యాయశాస్త్ర విద్యార్థులు ఆలోచించవచ్చు.

సీడీ గురించి ఎక్కువ చెప్పను. 1982లో జపాన్‌లో అమ్మకానికి వచ్చింది, పన్నెండు సెంటీమీటర్ల పుస్తకాన్ని ఇచ్చింది, క్యాసెట్ మింగిన పేర్లను కొంతవరకు తిరిగి తెచ్చింది. ఇప్పుడు పాట ఫోనులో వింటున్నాం. అట్ట బొటనవేలి గోరంత. అందులో ముఖం, పేరు తప్ప ఏమీ పట్టదు, పేరు కూడా చాలాసార్లు చదవలేం. విచిత్రమేమిటంటే 2022లో అమెరికాలో ఎల్పీలు 1987 తరువాత మొదటిసారిగా సీడీలకంటే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. కాబట్టి మీ ప్రాజెక్టును మూడు కొలతల్లో చేయండి: 31 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు, ఒక సెంటీమీటరు. పెద్దదాన్ని కుదించి చిన్నది చేయకండి, ఒక్కోదాన్ని విడిగా ఆలోచించండి. అంచుల వెంట కత్తిరింపుకు మూడు మిల్లీమీటర్లు అదనంగా ఉంచండి.

లోపలి పుస్తకంలో చివరి పుటను మాత్రం బొమ్మకు ఇవ్వకండి. గాయని, పాట రాసినవారు, స్వరం కట్టినవారు, ప్రతి వాద్యం వాయించినవారు, కోరస్ పాడినవారు, ధ్వనిముద్రణ చేసిన ఇంజనీరు, ఫొటో తీసినవారు, అక్షరాలు దిద్దినవారు. ఈ పేర్లను మీ ఊహాగాయని ఆల్బంకు కల్పించి రాయవచ్చు. నిజమైన ఆల్బం ఎంచుకుంటే మాత్రం వాటిని వెతకాలి. పాత సీడీల దుకాణంలో అసలు తొడుగు చూడండి, దొరికిన కళాకారులకు రాసి అడగండి. ఆ పుట నింపడానికి బొమ్మ వేయడం కంటే ఎక్కువ రోజులు పడుతుంది. ప్రాజెక్టు గడువు లెక్క వేసుకునేటప్పుడు దానికి రెండు వారాలు విడిగా పెట్టుకోండి.