బిషప్పుల నియామక వివాదం (1075–1122)

మధ్యయుగ ఐరోపాలో బిషప్పులను నియమించే హక్కు ఎవరిదన్న విషయమై రోము పోపులకూ జర్మన్ రాజులకూ మధ్య దాదాపు యాభై ఏళ్లు సాగిన పోరు. మతానికీ రాజ్యానికీ జరిగిన యుద్ధంగా దీన్ని చెప్పడం పరిపాటి. ఘటనలను వరుసగా చూస్తే ఇందులో మూడో పక్షం ఒకటి కనిపిస్తుంది. పోపూ రాజూ తలపడినప్పుడల్లా బలపడ్డది జర్మన్ సామంత ప్రభువులే.

తగాదాకు మూలం భూమి. జర్మనీలో బిషప్పు ప్రార్థనలు జరిపించి ఊరుకునే గురువు కాడు. భూములు, సుంకాలు, న్యాయాధికారం, సైనికులు ఉన్న పాలకుడు. మామూలు ప్రభువుకు ఇచ్చిన భూమి తండ్రి నుంచి కొడుక్కి పోతుంది. బిషప్పుకు చట్టబద్ధమైన వారసుడు ఉండడు కనుక ఆయన కన్నుమూయగానే ఆ పదవి మళ్లీ రాజు చేతికొస్తుంది. 10వ శతాబ్దంలో మొదటి ఒట్టో కాలం నుంచి రాజులు పాలనను చాలావరకు ఈ వెసులుబాటు మీదే నిలబెట్టారు. కొత్త బిషప్పుకు ఉంగరాన్నీ దండాన్నీ రాజే అందించేవాడు. 1046లో మూడవ హెన్రీ సూత్రి సభలో పోపులనే తొలగించి తనకు నచ్చినవాణ్ణి గద్దె ఎక్కిస్తే చర్చి సంస్కర్తల్లో చాలామంది హర్షించారు. 1056లో ఆయన చనిపోయే నాటికి కొడుకు నాలుగవ హెన్రీకి ఆరేళ్లు కూడా నిండలేదు. ఇదే అదనుగా 1059లో పోపు రెండవ నికొలస్ పోపు ఎన్నికను కార్డినళ్లకు అప్పగించాడు.

1073లో పోపు అయిన ఏడవ గ్రెగరీ అసాధారణమైన పట్టుదల గల మనిషి. 1075 నాటి ఆయన దస్త్రంలో 27 సూత్రాల జాబితా ఒకటుంది. చక్రవర్తిని పదవి నుంచి దించే హక్కు పోపుకు ఉందన్నది వాటిలో ఒకటి. అదే ఏడాది మిలాన్‌కు హెన్రీ తన మనిషిని ఆర్చిబిషప్పుగా పంపడంతో గొడవ ముదిరింది. 1076 జనవరి 24న వర్మ్స్‌లో జర్మన్ బిషప్పులు తమకు గ్రెగరీ పోపు కాడన్నారు. హెన్రీ ఆయన్ను హిల్డెబ్రాండ్ అనే పాత పేరుతో సంబోధిస్తూ దిగిపొమ్మని లేఖ రాశాడు. ఫిబ్రవరిలో గ్రెగరీ హెన్రీని వెలివేసి, ప్రజలు రాజుకు చేసిన ప్రమాణం ఇక చెల్లదని ప్రకటించాడు. హెన్రీపై సాక్సనీ ప్రభువులు చేసిన తిరుగుబాటు అణిగి అప్పటికి ఏడాదైనా కాలేదు. అక్టోబరులో ట్రిబూర్‌లో గుమిగూడిన ప్రభువులు, ఏడాదిలోగా వెలి తొలగకపోతే వేరే రాజును ఎన్నుకుంటామని తేల్చారు. రాజుతో వాళ్ల తగవు తీర్చడానికి పోపు ఆగ్స్‌బర్గ్‌కు బయలుదేరాడు. హెన్రీ నడిచలికాలంలో ఆల్ప్స్ దాటి, 1077 జనవరిలో టస్కనీ ప్రభ్వి మటిల్డా కోట కనోస్సా ముందు ఉన్నిబట్టలతో, వట్టికాళ్లతో మూడు రోజులు నిలబడ్డాడు. తన కాఠిన్యాన్ని చూసి పక్కనున్నవాళ్లే అది క్రూరత్వమన్నారని జర్మన్ ప్రభువులకు రాసిన లేఖలో గ్రెగరీయే చెప్పాడు. రాజు అవమానపడ్డాడన్నది నిజమే. కానీ పశ్చాత్తాపపడి వచ్చినవాణ్ణి గురువు క్షమించక తప్పదు. క్షమించాక ఆగ్స్‌బర్గ్ సభకు పని లేకపోయింది. ఆ ఎత్తు హెన్రీదే.

వెలి అంటే జనానికి నిజంగా భయం ఉండేదని, రాజును వంచింది ఆ భయమేనని ఒక వాదన ఉంది. అదే నిజమైతే 1080లో గ్రెగరీ రెండోసారి వెలివేసినప్పుడూ రాజు వంగాలి. అలా జరగలేదు. కనోస్సా తర్వాత రెండు నెలలకే ప్రభువులు రాజుగా ఎన్నుకున్న రుడాల్ఫ్ 1080 అక్టోబరు యుద్ధంలో కుడిచెయ్యి తెగి చనిపోయాడు. హెన్రీ 1084లో రోము పట్టుకుని, తాను నిలబెట్టిన పోటీ పోపు చేతుల మీదుగా చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. మరుసటి ఏడాది గ్రెగరీ సాలెర్నోలో ప్రవాసంలో కన్నుమూశాడు. ఆయుధం అదే, విసిరిన చెయ్యీ అదే. మారిందల్లా ప్రభువుల బలాబలాలు. మతభయం లేదని కాదు, తిరగబడాలనుకున్నవాడికి ఆ భయం ధర్మబద్ధమైన సాకు ఇచ్చింది.

ఇంగ్లండ్‌లో ఇదే తగాదా 1107లో రాజీతో ముగిసింది. జర్మనీలో 1122 సెప్టెంబరు 23 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు వర్మ్స్‌లో నాలుగవ హెన్రీ కొడుకు ఐదవ హెన్రీ ఉంగరం, దండం ఇచ్చే హక్కు వదులుకున్నాడు. బదులుగా జర్మనీలో బిషప్పు ఎన్నిక రాజు సమక్షంలో జరగాలనీ, భూములను రాజు అభిషేకానికి ముందే రాజదండంతో అప్పగించాలనీ పోపు రెండవ కాలిక్స్టస్ ఒప్పుకున్నాడు. ఇటలీ, బర్గండీలలో మాత్రం అభిషేకమయ్యాక ఆరు నెలల్లో అప్పగిస్తే చాలు. ఇరుపక్షాలూ చెరిసగం పంచుకున్నాయనడానికి ఇది గట్టి ఆధారమే. అయితే ఆ రాజీకి ఇద్దరినీ ఒత్తిడి చేసి కూర్చోబెట్టింది యుద్ధంతో విసిగిన ప్రభువులే.

తర్వాతి రెండు శతాబ్దాల్లో పోపులూ చక్రవర్తులూ ఇటలీ కోసం మళ్లీ మళ్లీ పోరాడి ఇద్దరూ బలహీనపడ్డారు. 1356 నాటి బంగారు శాసనం జర్మన్ రాజును ఎన్నుకునే అధికారాన్ని ఏడుగురు ప్రభువులకు ఇచ్చింది. వారిలో ముగ్గురు మైంజ్, కొలోన్, ట్రియర్ ఆర్చిబిషప్పులు. పోపు ఆమోదం సంగతి అందులో ఎక్కడా లేదు.