గవర్నర్‌పేట పరిసరాల్లో మైనారిటీ స్త్రీల శారీరక శ్రమ: తీరిక, చోటు, కొలత

పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ స్థాయి శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రచురించిన అంచనాల ప్రకారం 2022 నాటికి భారతీయ స్త్రీలలో 57 శాతం మంది ఆ మేరకు కదలడం లేదు. పురుషుల్లో ఇది 42 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సమస్యకు మరో ముడి ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కన 15-49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉంటే, 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉండటం అరుదేమీ కాదు. నెత్తురు తక్కువై నాలుగు మెట్లెక్కితేనే ఆయాసపడే ఇల్లాలికి "రోజూ నడవమ్మా" అని చెప్పి పంపితే సగం వైద్యమే చేసినట్టు.

ముస్లిం స్త్రీల మాట రాగానే చర్చ చాలాసార్లు పరదాతో మొదలై అక్కడే ఆగుతుంది. విజయవాడలోని గవర్నర్‌పేటనూ, కాలువ అవతలి వన్‌టౌన్‌లో పంజా సెంటర్, వించిపేటలనూ దృష్టిలో పెట్టుకుని చూస్తే తీరిక, చోటు అనే రెండు కారణాల తర్వాతే దుస్తుల ప్రశ్న వస్తుందని ఈ వ్యాసం వాదన. ఇందులో కొత్త సర్వే ఫలితాలు లేవు. ప్రచురితమైన గణాంకాలను ఈ వీధుల పక్కన పెట్టి చదివే ప్రయత్నం ఇది.

ముందు మైనారిటీ అంటే ఎవరో తేల్చుకోవాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ, తరతరాలుగా తెలుగే మాట్లాడే దూదేకులవారూ ఒకే మతం గడిలో పడతారు. రిజర్వేషన్ జాబితాలో మాత్రం దూదేకులవారు బీసీ-బి. 2007 చట్టంతో గుర్తింపు పొందిన ఇతర ముస్లిం వర్గాలు బీసీ-ఇ. క్రైస్తవుల లెక్క ఇంకా చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టింది కాబట్టి, చర్చికి వెళ్లే దళిత కుటుంబాలు ఎన్నో కాగితాల మీద హిందువులే. తెల్లవారకముందే చీపురు పట్టి రోడ్లు ఊడ్చే స్త్రీకీ, ఇంట్లో కుట్టుమిషన్ ముందు రోజంతా వంగి కూర్చునే స్త్రీకీ శ్రమ ఒకటే ఎలా అవుతుంది? మతం పేరుతో తీసిన సగటు ఈ ఇద్దరిలో ఎవరి గురించీ నిజం చెప్పదు.

ఇక తీరిక. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే వెచ్చిస్తారు. ఆ పని చేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. పైగా ఆ పనిలో చెయ్యి వేసే పురుషులు నూటికి 26 మందే. విజయవాడలో నడకకు అనువైన వేళ తెల్లవారుజాము. వేసవిలో ఏడు దాటితే ఎండ నిలవనివ్వదు. కుళాయి నీళ్లు పట్టడం, పిల్లల క్యారేజీలు కట్టడం సరిగ్గా ఆ వేళకే పడతాయి. సాయంత్రం చల్లబడేసరికి మళ్లీ వంట. రంజాన్ నెలలో సహర్ వంటకు తెల్లవారకముందే లేవాలి, ఇఫ్తార్ ఏర్పాట్లకు సాయంత్రమంతా వంటింట్లోనే ఉండాలి. అలసట ఉపవాసంతోపాటు నిద్ర తగ్గడం వల్ల కూడా వస్తుంది.

చోటు విషయం ఇంకా బరువైనది. గవర్నర్‌పేట వ్యాపార కేంద్రం. ఏలూరు రోడ్డునూ బందరు రోడ్డునూ కలిపే బీసెంట్ రోడ్డులో కాలిబాట మీద బేరాలు, రోడ్డు మీద బళ్లు. అక్కడ చురుగ్గా పది నిమిషాలు ఆగకుండా నడవాలంటే ఎవరికైనా కష్టమే. ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం బందరు రోడ్డు మీదే ఉన్నా, వన్‌టౌన్ ఇల్లాలికి అది కాలువ దాటి, కూడళ్లు దాటి వెళ్లాల్సిన దూరం. ఒకప్పుడు పుస్తక ప్రదర్శనలు జరిగిన స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న అంబేడ్కర్ స్మృతివనం ప్రారంభమైంది. ఆ స్మారకం గౌరవం దానిదే. నగరం నడిబొడ్డున బహిరంగ మైదానాల అవసరం మాత్రం అలాగే మిగిలింది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నగరం మధ్యగా పోతున్నాయి. వాటి గట్ల మీద దీపాలు, మరుగుదొడ్డి, కూర్చునే అరుగులతో నిరంతరాయంగా నడకదారి వేస్తే ఇంటికి దగ్గరగా ఇంతకు మించిన వ్యాయామశాల ఇంకెక్కడ దొరుకుతుంది?

చోటు ఉన్నంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. బజారుకు, ఆస్పత్రికి, ఊరి బయటికి మూడింటికీ ఒంటరిగా వెళ్లనిచ్చే స్త్రీలు దేశం మొత్తం మీద 42 శాతమేనని ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇది అన్ని మతాలనూ కలిపిన అంకె. కాబట్టి కట్టడిని ఒక్క మతానికి అంటగట్టడం అన్యాయం. ఎడిన్‌బరోలో మధుమేహం ఉన్న పాకిస్తానీ, భారతీయ మూలాల వారిపై జూలియా లాటన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇలాంటిదే కనిపిస్తుంది. కుటుంబ బాధ్యతలను పక్కనపెట్టి తమకోసం సమయం తీసుకోవడం స్వార్థమనే భావన అక్కడి స్త్రీలను వెనక్కి లాగింది. సముద్రాలు దాటినా ఆ లెక్క మారలేదు. మరోవైపు నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్, బాక్సింగ్ దుస్తులపై వచ్చిన విమర్శలకు తండ్రి అండతో ఎదురునిలిచి 2022, 2023లలో ప్రపంచ విజేత అయింది. ఆమె కథలో నన్ను ఎక్కువగా కదిలించేది పతకం కన్నా ఇంటి మద్దతు.

కొలతలోనూ లోపముంది. విస్తృతంగా వాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రశ్నావళి జీపీఏక్యూ పని, ప్రయాణం, తీరికవేళ అనే మూడు భాగాల్లో, కనీసం పది నిమిషాలు ఆపకుండా చేసిన శ్రమనే అడుగుతుంది. 2020 మార్గదర్శకాలు ఆ పది నిమిషాల నియమాన్ని వదిలేశాయి. బట్టలుతుకుతూ మధ్యలో పాలు దించి, బిందె ఎత్తి, బిడ్డనెత్తుకునే స్త్రీ శ్రమ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. పాత లెక్కలో అది జారిపోతుంది. అలాగని ఇంటిపనే వ్యాయామమని సరిపెట్టడం కూడా తప్పే. అందులో చాలా భాగం గుండె వేగం పెంచని తేలిక శ్రమ. ఒళ్లు అలుస్తుంది, గుండెకు దక్కాల్సిన మేలు మాత్రం పూర్తిగా దక్కదు. దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిల సంగతీ ఇంతే.

ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల కోసం 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం కొత్త పరిశోధనకు అవకాశమిచ్చింది. ఇల్లు దాటి వెళ్లే ప్రయాణాలు పెరిగి స్టాపు వరకు నడక కలుస్తోందా, లేక ఇదివరకు డబ్బులు మిగుల్చుకోవడానికి నడిచిన దూరం తగ్గుతోందా? రెండూ జరిగే అవకాశం ఉంది. ఇక చోటు విషయానికొస్తే, స్త్రీలకు ప్రత్యేక పార్కుల కంటే, ఉన్న మైదానాల్లో, బడి ఆవరణల్లో స్త్రీలకు నిర్ణీత వేళలు, మహిళా శిక్షకులు మేలని నా అభిప్రాయం. ప్రత్యేక పార్కు కట్టాక, మిగతా చోట్లలో స్త్రీలకు పనేమిటని అడిగేవాళ్లు బయలుదేరతారు.

గవర్నర్‌పేట, వన్‌టౌన్‌లలో సర్వే చేపట్టేవారు ప్రశ్నావళిని తెలుగుతోపాటు ఇక్కడి ఇళ్లలో మాట్లాడే ఉర్దూలోనూ సిద్ధం చేసుకోవాలి. అడిగేది స్త్రీలే కావాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అత్తగారో మరొకరో పక్కన లేని వేళ మాట్లాడాలి. మతంతోపాటు కులం, ఇంటి భాష, ఉపాధి, ఇంట్లో పసిపిల్లలు, మంచంపట్టిన పెద్దల సంఖ్య, హిమోగ్లోబిన్ నమోదు చేయాలి. కాలికి కట్టే కదలిక మీటరును వారంపాటు ఇచ్చి, చెప్పిన జవాబులతో సరిపోల్చాలి. ఒకసారి మేలో, ఒకసారి డిసెంబరులో, మరోసారి రంజాన్ నెలలో కొలిస్తే ఎండ వల్ల ఎంత, పని వల్ల ఎంత, పండుగ వల్ల ఎంత అన్నది విడదీసి చూడటం కుదురుతుంది.