కరణం కవిలె తిరిగొచ్చిన దారి

ఒకప్పుడు జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల సీమల్లో ఊరి చరిత్ర, లెక్కలు రాసే కరణం ఇంట్లో ఉండేది. చెరువు ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, పొలిమేర ఎక్కడ తిరుగుతుంది... అన్నీ ఆ లెక్కల కట్టలైన కవిలెల్లోనే. చెదలు పట్టినా, దండు వచ్చి ఊరు ఖాళీ చేయాల్సి వచ్చినా ఆ కట్టతోపాటే జ్ఞాపకమూ పోయేది. ఈ సీమకు దండులు కొత్తకాదు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల గండికోటను పట్టాడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. నడుమ పెన్న ఒడ్డున దొరలు మారుతూనే వచ్చారు.

కంపెనీ ఏలుబడి మొదలైన కొన్నేళ్లకు ఊళ్లలోకి కొత్త మనుషులు దిగారు. శిస్తు వసూలుకు కాదు, పాత సంగతులు అడిగి రాసుకోవడానికి. వాళ్లను పంపినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో పుట్టిన సర్వేయరు. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయనకు కుడిభుజాలు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వాళ్లలో బొర్రయ్య 1803లోనే చనిపోతే, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. వీళ్ల మనుషులు కరణాల చేత కవిలెలు చదివించుకున్నారు, గుళ్లలో శాసనాలకు నకళ్లు తీశారు, ముసలివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. ఆ రాతలే కైఫీయత్తులు.

కంపెనీకి కావలసింది భూమి మీద పట్టు. ఆ సంగతి దాచనక్కర్లేదు. కానీ శిస్తు లెక్కకు అణా పైసంత ఉపయోగం లేని స్థలపురాణాలను కూడా ఆ గుమాస్తాలు ఓపికగా రాసిపెట్టారు. గండికోట, జమ్మలమడుగు కైఫీయత్తులు ఇవాళ మనకున్నాయంటే ఆ ఓపిక వల్లే. ఈ కథలో మెకంజీ పేరు ఎంత వినిపిస్తుందో, లక్ష్మయ్య పేరూ అంత వినిపించాలి.

1821లో మెకంజీ చనిపోయాడు. ఆయన పోగుచేసిన కాగితాలను కంపెనీ కొన్నది. కొన్ని లండన్ వెళ్లాయి. దక్షిణాది భాషల్లో ఉన్నవి మద్రాసు చేరి, అక్కడ చివికిపోసాగాయి.

వాటిని ఆదుకున్నది మరో పరాయివాడు, చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1820లో కడపకు చిన్న ఉద్యోగిగా వచ్చేనాటికి ఆయనకు తెలుగు అంతంతమాత్రమే వచ్చు. తర్వాత అదే కడపలో బంగళా కొని, సొంత జీతం ఖర్చుపెట్టి పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాల్లో ఉన్న కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనులు చూసుకునేవాడు. దాని కోసం బ్రౌన్ అప్పులపాలయ్యాడు కూడా. 1829లో వేమన పద్యాలు 693 ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. మద్రాసులో పాడైపోతున్న కైఫీయత్తులకూ మళ్లీ నకళ్లు రాయించి, జిల్దు కట్టించాడు.

ఆ జిల్దులు ఊళ్లకు రావడానికి ఇంకో నూటయాభై ఏళ్లు పట్టింది. రాయదుర్గంలో పుట్టి కడపలో స్థిరపడిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి, శిథిలమైన బ్రౌన్ బంగళా స్థలంలో గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టారు. చందాల కోసం గడప గడపా తిరిగారు. ఇప్పుడది యోగివేమన విశ్వవిద్యాలయం కింద నడిచే సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. కట్టా నరసింహులు పరిష్కరించిన కడప జిల్లా కైఫీయత్తులు అక్కడి నుంచే సంపుటాలుగా వెలువడ్డాయి. కరణం ఇంటి నుంచి మద్రాసు దాకా వెళ్లిన ఊరి మాట, బ్రౌన్ పండితులు ప్రతులు రాసిన నేల మీదికే వచ్చి చేరింది.

ఊళ్లు ఖాళీ కావడం మాత్రం ఆగలేదు. 2020లో గండికోట జలాశయం నీళ్లు అదే సీమలోని తాళ్లప్రొద్దుటూరు వీధుల్లోకి వచ్చాయి. జనం సామాన్లు ట్రాక్టర్లకెత్తుకుని కదిలారు. ఇళ్లు, వీధులు, పొలిమేర రాళ్లు నీటికే మిగిలాయి. అలాంటి ఊళ్ల మాట రాసుకోవడానికి లక్ష్మయ్య మనుషుల్లాంటి వాళ్లు ఇప్పుడూ కావాలి.