వజ్రం కార్డూ, చిన్న ఓడా

అమెరికాలో ఓడ ప్రయాణాల పిచ్చి ఉన్న రిటైరైన పెద్దవాళ్ళతో ఓ అరగంట మాట్లాడితే రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. ఒకటి, "నేను డైమండ్" అని. రెండోది, "చిన్న షిప్పులు పోతున్నాయి" అని. మొదటి మాటలో గర్వం, రెండో మాటలో దిగులు. ఈ రెండూ వేర్వేరు సంగతుల్లాగే కనబడతాయి గానీ, లోపల ఓ ముడి ఉందని నా అనుమానం. ఆ ముడి ఎక్కడుందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. టపా కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

అసలు విహారయాత్ర కోసం ఓడెక్కడం అనే ఆలోచన పుట్టిందే ఖాళీ పడకల్లోంచి. హాంబర్గ్-అమెరికా లైన్ అనే జర్మన్ కంపెనీలో ఆల్బర్ట్ బాలిన్ అని ఒకాయన ఉండేవాడు. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్ళు తక్కువ. ఓడ కట్టుకున్న అప్పు మాత్రం చలికాలమని ఆగదు కదా! అందుకని 1891 జనవరిలో 'అగస్టా విక్టోరియా' అనే ఓడని దాదాపు రెణ్ణెల్ల పాటు మధ్యధరా సముద్రంలో ఊరికే తిప్పి తీసుకొచ్చాడు. జనం సరదాగా ఎక్కారు. 1900లో ఏకంగా విహారం కోసమే 'ప్రింజెసిన్ విక్టోరియా లూయిసె' అనే ఓడని కట్టించాడు. పాపం, అది 1906లో జమైకా తీరాన నేలకి తగులుకుని పోయింది. ఓడ పోయినా సూత్రం మిగిలింది: పడక ఖాళీగా పోకూడదు. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలయ్యాయి. వారం రోజుల ప్రయాణం పూటలోకి వచ్చేసరికి పెద్ద పెద్ద లైనర్ ఓడలన్నీ పదేళ్ళలో బేజారెత్తిపోయాయి. అక్కణ్ణించి కథ మయామీకి మారింది. 1966లో నట్ క్లోస్టర్ అనే నార్వే ఓడల యజమాని, టెడ్ ఆరిసన్ కలిసి 'సన్‌వార్డ్' అనే ఓడతో బహామాస్‌కి విహారాలు మొదలెట్టారు. అదే తర్వాత నార్వీజియన్ క్రూయిజ్ లైన్ అయింది. ఇద్దరికీ చెడింది. ఆరిసన్ 1972లో 'మార్డి గ్రా' అనే పాత ఓడ పట్టుకుని కార్నివాల్ పెట్టాడు. మొదటి ప్రయాణంలోనే అది మయామీ పక్కన ఇసుకదిబ్బ ఎక్కి కూర్చుంది! అలా మొదలైన కంపెనీ ఇవాళ ప్రపంచంలోకెల్లా పెద్ద క్రూయిజ్ కంపెనీ.

మధ్యలో రాయల్ కరీబియన్ వచ్చింది. దాని మొదటి ఓడ 'సాంగ్ ఆఫ్ నార్వే', 1970. ఎనిమిదేళ్ళకే అది చాల్లేదు. 1978లో దాన్ని ఫిన్లాండ్‌లో నడిమికి రెండుగా కోసి, మధ్యలో 85 అడుగుల ముక్క పెట్టి అతికించారు. చిన్న ఓడ కథ ఎటు పోతుందో ఆ కోతలోనే తెలిసిపోయింది.

ఇక్కడ ఇంకో విషయం. పాత లైనర్ ఓడల్లో తరగతులుండేవి. మనవాళ్ళకిది కొత్త కాదు. కోస్తా రేవుల నించి రంగూన్ వెళ్ళిన తెలుగు కూలీలు డెక్కు మీద ఎండకీ వానకీ కూర్చుని వెళ్ళారు, పైనున్న కేబిన్లలో దొరలు పడుకున్నారు. 1970ల క్రూయిజ్ ఓడలు ఈ పద్ధతి చాలావరకు తీసేశాయి. కేబిన్ చిన్నదో పెద్దదో, అందరికీ అదే భోజనాల గది, అదే డెక్కు. ఆ కాలానికి అది పెద్ద ఆకర్షణ. ఓ పదిహేనేళ్ళు అలా సమానంగా నడిచాక, తీసేసిన తరగతులు పెరటి గుమ్మంలోంచి మళ్ళీ లోపలికొచ్చాయి. ఈసారి వాటి పేరు లాయల్టీ.

దీనికి దారి చూపించింది విమానాల వాళ్ళు. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'అడ్వాంటేజ్' పథకం ప్రకటించింది. నాలాంటి సాఫ్ట్‌వేరు వాడికి ఇందులో ముచ్చటైన సంగతి ఏవిటంటే, దాని వెనకున్నది వాళ్ళ సేబర్ రిజర్వేషన్ కంప్యూటర్. ఎవరు ఎన్నిసార్లు ఎక్కారో వెతికి తీయగలిగే డేటాబేసు చేతిలో ఉంది కాబట్టే ఆ ఆలోచన నడిచింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా అదే పని చేసింది. ఓడల వాళ్ళు ఆ లెక్కల పద్ధతినే పట్టుకున్నారు. హాలండ్ అమెరికాకి మారినర్ సొసైటీ, ప్రిన్సెస్‌కి కెప్టెన్స్ సర్కిల్, రాయల్ కరీబియన్‌కి క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీ.

రాయల్ కరీబియన్ లెక్కే చూద్దాం. ఓడలో ఓ రాత్రి గడిపితే ఓ పాయింటు, సూట్ తీసుకుంటే రెండు. 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్, 700కి పినకిల్. ఏడొందల రాత్రులంటే దాదాపు రెండేళ్ళ కాపురం సముద్రం మీద! డైమండ్ అయితే రోజుకి నాలుగు డ్రింకులు ఉచితం, కూర్చోడానికి వేరే లాంజి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకసారి డైమండ్ అయితే జీవితాంతం డైమండే.

ఈ 'జీవితాంతం' దగ్గరే నాకు పని చేసే బుర్ర ఊరుకోదు. ఒక టేబుల్లోకి వరసలు చేరడమే తప్ప తీసెయ్యడం లేదనుకోండి. ఏమవుతుంది? నిండుతుంది. మొదటి పదేళ్ళు ఏం తెలియదు. ముప్పయ్యేళ్ళయ్యాక ఓడ బయల్దేరినప్పుడల్లా డైమండ్ల వరస పెద్దదవుతుంది. లాంజిలో కుర్చీలు మాత్రం ఓడ కట్టినప్పుడు ఎన్నో అన్నే.

ఇప్పుడు చిన్న ఓడ దగ్గరికి వద్దాం. కొత్తగా పిల్లాజెల్లాతో వచ్చే కుటుంబానికి కావలసింది నీళ్ళ జారుడుబల్లలూ, ఐస్ రింకులూ. అవి పెద్ద ఓడలో ఉంటాయి. ఇరవై సార్లు వెళ్ళొచ్చిన పెద్దాయనకి అవి అక్కర్లేదు. ఆయనకి కొత్త రేవు కావాలి, పొడుగు ప్రయాణం కావాలి, పొద్దున కాఫీ ఇచ్చే అబ్బాయి పేరుపెట్టి పిలవాలి. అవి చిన్న ఓడలో దొరుకుతాయి. అంటే పాత చుట్టాలంతా చిన్న ఓడలోనే పోగవుతారు.

ఊరికే లెక్క కోసం అనుకుందాం. అయిదు వేల మంది ఎక్కే ఓడలో 300 మంది డైమండ్లున్నారు, ఎనిమిది వందల మంది ఎక్కే ఓడలో కూడా 300 మందే ఉన్నారు. మొదటిదాంట్లో నూటికి ఆరుగురు, రెండోదాంట్లో నూటికి ముప్పయ్యేడుకి పైనే. ఉచిత డ్రింకుల ఖర్చు రెండింటికీ ఒకటే. దాన్ని మోసే టిక్కెట్లు మాత్రం రెండోదాంట్లో ఆరో వంతు కన్నా తక్కువ. అంకెలు నావే గానీ, దిశ మాత్రం ఇదే. ఏ ఓడని ప్రేమించేవాళ్ళు ఎక్కువో, ఆ ఓడ మీదే ఆ ప్రేమకి అయ్యే ఖర్చూ ఎక్కువ.

ఆ పక్క పెద్ద ఓడల లెక్క వేరే. 1988లో 'సావరిన్ ఆఫ్ ద సీస్' 73 వేల టన్నులంటే అబ్బో అనుకున్నారు. 1996లో 'కార్నివాల్ డెస్టినీ' లక్ష దాటింది. 2009లో 'ఒయాసిస్ ఆఫ్ ద సీస్' రెండు లక్షల పాతిక వేలు. 2024 జనవరిలో బయల్దేరిన 'ఐకాన్ ఆఫ్ ద సీస్' 2,48,663. (ఈ టన్నులు బరువు కాదండోయ్, ఓడ లోపలున్న జాగాకి కొలత.) ఎంత పెద్ద ఓడైనా కెప్టెన్ ఒక్కడే. ఇంజను గదీ, వంటశాలా రెట్టింపైతే ఖర్చు రెట్టింపు అవదు. పైగా క్యాసినోలూ, కొట్లూ, ప్రత్యేక హోటళ్ళూ పెట్టడానికి చోటు. టిక్కెట్టు మీద కన్నా లోపలికొచ్చాక పెట్టే ఖర్చు మీద కంపెనీ కన్ను. రోజుకి నాలుగు డ్రింకులు ఉచితంగా తాగి, పుస్తకం చదువుకుంటూ కూర్చునే పాత చుట్టం ఈ లెక్కలో ఎక్కడ ఇముడుతాడు?

చిన్న ఓడలతో వ్యాపారం చేద్దామని పెద్దగా ప్రయత్నించినవాళ్ళూ ఉన్నారు. రినైజాన్స్ క్రూయిజెస్ అని ఒక కంపెనీ 1998 నించి 2001 లోపు ఫ్రాన్సులో ఎనిమిది కవల ఓడలు కట్టించింది. పేర్లు కూడా ఆర్ వన్ నించి ఆర్ ఎయిట్ దాకా, అచ్చం మన సర్వర్లకి పేర్లు పెట్టినట్టు! ఒక్కోటీ 30,277 టన్నులు, ఏడొందల లోపు ప్రయాణికులు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత రెండు వారాలకే కంపెనీ దివాలా తీసింది. ఎనిమిదీ తలో దిక్కుకీ పోయాయి, పేర్లు మారాయి, చేతులు మారాయి. చిత్రం ఏవిటంటే ఒక్కటీ తుక్కులోకి పోలేదు. 2022 నాటికి నాలుగు ఓషియానియా దగ్గరికీ, నాలుగు అజమారా దగ్గరికీ చేరాయి. ఆ అజమారాని కూడా రాయల్ కరీబియన్ 2021లో ఓ పెట్టుబడి సంస్థకి అమ్మేసింది. ఓడలు బాగున్నాయి, ఎక్కేవాళ్ళున్నారు, అయినా పెద్ద కంపెనీకి అవి బరువే.

2020లో కోవిడ్ వచ్చి ఈ లెక్కని తొందరపెట్టింది. ఓడలన్నీ లంగరేసుకుని కూర్చున్నాయి, ఖర్చు మాత్రం ఆగలేదు. కార్నివాల్ 'ఫాంటసీ' తరగతి ఓడలు కొన్ని టర్కీలోని అలియాగా తుక్కుతీరానికి వెళ్ళాయి. ఒకనాడు అబ్బో అనిపించిన 'సావరిన్' కూడా అక్కడికే. అలా చిన్నదీ మధ్యరకమూ అనిపించుకున్న ఓడలు కొన్ని పోయాయి.

ఒక ఓడ మాత్రం మన వైపు వచ్చింది. 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అనే పేరుతో మయామీ నించి బహామాస్‌కి మూడు నాలుగు రోజుల విహారాల కోసం కట్టిన ఓడ, 48,563 టన్నులు. రాయల్ కరీబియన్ దాన్ని 2020 డిసెంబరులో అమ్మేసింది. 2021 సెప్టెంబరు నించి అది కోర్డీలియా క్రూయిజెస్ వారి 'ఎంప్రెస్'గా ముంబై నించి తిరిగింది. 2022 జూన్‌లో చెన్నై నించి విశాఖపట్నం కూడా వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. నార్వీజియన్ వాళ్ళ రెండు పాత ఓడలు, 'స్కై', 'సన్' కూడా అద్దెకి కోర్డీలియాకే ఇస్తున్నట్టు 2025లో ప్రకటించారు. అక్కడ చిన్నదైపోయిన ఓడ ఇక్కడ పెద్ద ఓడ. అన్నయ్య చొక్కా తమ్ముడికి వచ్చినట్టు!

ఇక పాయింట్ల సంగతి. నిండిపోయిన టేబుల్ని ఎలా తగ్గించాలో కూడా విమానాల వాళ్ళే చూపించారు. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ మైళ్ళ లెక్క మానేసి డాలర్ల లెక్క పెట్టాయి. ఎంత దూరం వచ్చావని కాదు, ఎంత ఖర్చు పెట్టావని. 2025 జూన్‌లో కార్నివాల్ కూడా అదే దారి పట్టింది: 2026 జూన్ నించి ఓడలో గడిపిన రోజుల్ని బట్టి కాక, పెట్టిన ఖర్చుని బట్టి లెక్క. పాత కస్టమర్లు గొడవ చేశారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. ఇరవయ్యేళ్ళు వాళ్ళు కూడబెట్టుకున్నది రోజులు. అకస్మాత్తుగా ఆ నాణెం చెల్లదంటే?

ఇందులో కంపెనీని తిట్టడం సులువు. కానీ పాయింటు ఎప్పుడూ కస్టమరు ఆస్తి కాదు, కంపెనీ ఆస్తే. 2020లో యునైటెడ్ తన మైలేజ్ పథకాన్ని తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు అప్పు తెచ్చుకుంది. విమానాలు నేల మీదున్నా పాయింట్ల మీద అప్పు పుట్టింది! మనకీ అనుభవమే. 2019లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది, దాని పాయింట్ల కంపెనీ మాత్రం ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని కొనసాగింది. లాయల్టీ అన్న మాటకి తెలుగులో విధేయత అని అర్థం చెప్పుకుంటాం గానీ, నా దృష్టిలో ఇది బాలిన్ గారి పాత సూత్రమే. ఖాళీ పడక నింపడానికి ఇచ్చే తగ్గింపు. పడకలు వాటంతటవే నిండుతున్నప్పుడు తగ్గింపు ఎందుకిస్తారు?

మరి చిన్న ఓడలు పూర్తిగా పోతాయా? పోవు. వాటిని కాపాడేవి కంపెనీలు కావు, వంతెనలూ రేవులూ. ఫ్లోరిడాలో టాంపా రేవుకి వెళ్ళాలంటే సన్‌షైన్ స్కైవే వంతెన కింద నించి పోవాలి. దాని ఎత్తు సుమారు 180 అడుగులు. ఐకాన్ లాంటివి దూరవు. కాబట్టి ఆ వంతెన ఉన్నన్నాళ్ళూ టాంపాకి చిన్న ఓడ కావాల్సిందే. వెనిస్ నడిబొడ్డున ఉన్న జూదెక్కా కాలువలోకి 25 వేల టన్నులు దాటిన ఓడల్ని 2021 ఆగస్టు నించి రానివ్వడం లేదు. నార్వేది మాత్రం తిరకాసు నియమం. వారసత్వ ఫ్యోర్డుల్లోకి పొగలేని ఓడలే రావాలన్న షరతు పదివేల టన్నుల లోపు ఓడలకి 2026 నించే, పెద్దవాటికి 2032 నించి!

అయితే మిగిలే చిన్న ఓడ ఎవరిది? వైకింగ్ వాళ్ళు 2015లో తెచ్చిన 'వైకింగ్ స్టార్' 47,800 టన్నులు, 930 మంది. మన విశాఖ వచ్చిన ఎంప్రెస్ ఇంచుమించు అదే సైజు, కేబిన్‌కి ఇద్దరు చొప్పున చూసినా పదహారు వందల మంది. ఓడ అదే, మనుషులు సగానికి కాస్త ఎక్కువ. టిక్కెట్టు ధర ఎటుపోతుందో వేరే చెప్పక్కర్లేదు. కొత్తగా కట్టే చిన్న ఓడ డబ్బున్నవాళ్ళది. పాతబడ్డ చిన్న ఓడ మనలాంటి కొత్త మార్కెట్లది. మధ్యలో, మామూలు జీతం మీద ఏడాదికోసారి దాచుకున్న డబ్బుతో ఎక్కి డైమండ్ అయిన బడిపంతులుకో నర్సుకో ఉండిన చిన్న ఓడ, అదే మాయమవుతోంది. దాని స్థానంలో కొత్తది ఎవరూ కట్టడం లేదు.

కాబట్టి మీ అమెరికా చుట్టాల్లో ఎవరైనా డైమండ్ ఉంటే నా సలహా ఒక్కటే. పినకిల్ కోసం రాత్రులు కూడబెట్టకుండా, ఏ రేవు చూడాలనుందో ఆ రేవుకి వెళ్ళే చిన్న ఓడ ఇంకా తిరుగుతుండగానే టిక్కెట్టు కొనుక్కోమనండి. ఏ కంపెనీదైనా ఫర్వాలేదు.