డిసెంబర్ 16: కజకిస్థాన్ స్వాతంత్ర్యానికి వేళ్లెక్కడ?

కజకిస్థాన్ స్వాతంత్ర్య దినోత్సవం డిసెంబర్ 16. 1991లో ఆ రోజున అక్కడి సుప్రీం సోవియట్ స్వాతంత్ర్య చట్టాన్ని ఆమోదించింది. సోవియట్ రిపబ్లిక్కులలో అన్నిటికన్నా చివరగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది ఈ దేశమే. అంతకు 8 రోజుల ముందే రష్యా, ఉక్రెయిన్, బెలారస్ నేతలు సోవియట్ యూనియన్ కథ ముగిసిందని సంతకాలు పెట్టేశారు. ఆ ఏడాది మార్చిలో జరిగిన రెఫరెండంలోనైతే కజకిస్థాన్‌లో ఓటేసినవారిలో 94 శాతం మంది యూనియన్ ఉండాలనే అన్నారు. అందుకే ఇది కోరకుండా ఒళ్లో వచ్చి పడిన స్వాతంత్ర్యమని తేల్చేసేవారున్నారు. 1991 దగ్గరే ఆగి చూస్తే అలాగే కనిపిస్తుంది. కానీ ఈ పండుగ వేళ్లు అంతకు ఐదేళ్ల ముందే దిగాయి.

1986 డిసెంబర్ 16న అప్పటి రాజధాని అల్మా-అతాలో జరిగిన పార్టీ ప్లీనం 18 నిమిషాల్లో ముగిసింది. చిరకాలం రిపబ్లిక్‌ను నడిపించిన దిన్‌ముహమ్మద్ కునాయెవ్‌ను తప్పించి, అంతవరకు కజకిస్థాన్‌లో పనిచేయని గెన్నాది కోల్బిన్‌ను మాస్కో కూర్చోబెట్టింది. మర్నాడు విద్యార్థులు, యువ కార్మికులు బ్రెజ్నెవ్ చౌక్‌లో చేరారు. ప్రతి జాతికీ తనదైన నాయకుడుండాలని వారి ప్లకార్డులు అడిగాయి. సైనికులు లాఠీలతో, కందకాలు తవ్వే చిన్న పారలతో వారి మీద పడ్డారు. గడ్డకట్టే చలిలో ఫైరింజన్ల నీళ్లు కొట్టారు. కైరాత్ రిస్కుల్‌బెకోవ్ అనే విద్యార్థికి మరణశిక్ష పడింది. దాన్ని 20 ఏళ్ల జైలుగా మార్చారు, కానీ అతను 1988లో జైల్లోనే చనిపోయాడు.

వారు అడిగింది నాయకుణ్ణే కదా, స్వాతంత్ర్యం కాదు కదా అనవచ్చు. నిజమే. కానీ మమ్మల్ని అడగకుండా మా తలరాత రాసే హక్కు మీకెక్కడిదన్న ప్రశ్న అందులోనే ఉంది. 1930ల తొలినాళ్లలో బలవంతపు సమష్టి సేద్యం తెచ్చిన కరువు సుమారు 15 లక్షల మందిని బలిగొంది. సెమిపలతిన్‌స్క్ మైదానంలో 1949 నుంచి 1989 దాకా 450కి పైగా అణు పరీక్షలు జరిగాయి. ఈ రెండింటిలోనూ ప్రజల మాట ఎవరూ వినలేదు. ఇక రెఫరెండం సంగతి చూద్దాం. కజకిస్థాన్‌లో ప్రశ్నను మార్చి, సమానమైన సార్వభౌమ రాజ్యాల యూనియన్ కావాలా అని అడిగారు. కాబట్టి ఆ 94 శాతం పాత పెత్తనానికి పడిన ఓటని చెప్పలేం.

పాత పార్టీ నేత నజర్బాయెవే కొత్త దేశానికి అధ్యక్షుడయ్యాడు, మరి మారిందేమిటని మరో ఆక్షేపణ. దీన్ని తోసిపుచ్చలేం. 2011లో ఇదే డిసెంబర్ 16న ఝానావోజెన్‌లో, నెలల తరబడి సమ్మె చేసిన చమురు కార్మికులున్న గుంపుపై స్వతంత్ర దేశపు పోలీసులే కాల్పులు జరిపారు. అయితే ఆ దారుణం ఈ తేదీ విలువను తగ్గించదు. ప్రజల గొంతు వినని పాలకులు మాస్కోవారైనా స్వదేశీయులైనా తప్పు ఒక్కటే. ఆ మాట గట్టిగా చెప్పే రోజుగానే డిసెంబర్ 16ను నిలుపుకోవాలి.